అట్టముక్క మీద నా తల్లి పేరు

నేను ఒక రాయిని. పెద్ద రాయిని కూడా కాదు, మీ గుప్పిట్లో పట్టేంత బూడిదరంగు ముక్కను. శాస్త్రం చదివినవాళ్ళు నన్ను షేల్ అంటారు. చదవనివాళ్ళు పలకరాయి అంటారు. మరీ తొందరలో ఉన్నవాళ్ళు 'ఆ రాయి తీసి అవతల పారెయ్' అంటారు. ఏ పేరుతో పిలిచినా నేను చేసేది ఒకటే, పడి ఉండడం.

ప్రస్తుతం ఒక విశ్వవిద్యాలయంలో, భూగర్భశాస్త్ర విభాగం వారు ప్రదర్శనశాల అని గొప్పగా పిలుచుకునే ఇరుకు గదిలో, అద్దాల బీరువా మూడో అరలో పడి ఉన్నాను. నా ముందు ఒక అట్టముక్క నిలబెట్టారు. దాని మీద నా జాతి, వయసు, దొరికిన చోటు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నా తల్లి పేరు ఒక్కటే తప్పు. పన్నెండేళ్ళుగా వచ్చేపోయే ప్రతివాడూ ఆ తప్పును చదువుకుని, తల ఊపి, పక్క అరలోని మెరిసే స్ఫటికం దగ్గరికి వెళ్ళిపోతున్నాడు.

రాయికి తల్లేమిటని నవ్వకండి. నేను మొదట బురదను. బురద ఊరికే పుట్టదు, ఇంకో రాయి అరిగితే పుడుతుంది. నా తల్లి ఒక గ్రానైటు కొండ. వానకు నానీ, ఎండకు పగిలీ, ఆమె ఒళ్ళు మెత్తబడి మట్టి అయింది. అందులో సన్నాతిసన్నని నలుసును నేను. ఏరు నన్ను మోసుకొచ్చి కెరటం కదలని సముద్రపు అడుగున దింపింది. బిందెలో నీళ్ళు కదలకుండా ఉంటే అడుగున మడ్డి చేరుతుంది చూడండి, అలా చేరాను. పైన ఇంకా బురద పడింది. బరువుకు నాలోని నీళ్ళన్నీ పిండుకుపోయి గట్టిపడ్డాను. ఇదంతా వంద కోట్ల ఏళ్ళ కిందటి మాట. నా తల్లి కొండ ఎప్పుడో పూర్తిగా అరిగిపోయింది. ఆమె ఒకప్పుడు ఉండేదనడానికి మిగిలిన ఆధారాలం నేనూ, నాలాంటి మరికొన్ని ముక్కలూ.

ఇసుకరాయి అదృష్టవంతురాలు. దాని పలుకులు పెద్దవి, భూతద్దం పెట్టి చూసి ఎక్కడినుంచి వచ్చిందో చెప్పేస్తారు. నాలో చూడడానికి ఏమీ కనబడదు. నా వంశం తెలియాలంటే నన్ను పొడిచేసి, ఆ పొడిలో ఏ మూలకం ఎంత ఉందో కొలవాలి. ఉప్పూ సున్నమూ నీళ్ళకు కొట్టుకుపోతాయి కానీ, థోరియం, క్రోమియం లాంటివి మొండివి. ఎంత దూరం కొట్టుకొచ్చినా మట్టిని వదలవు. గ్రానైటు బిడ్డలో థోరియం ఎక్కువ, క్రోమియం బహు తక్కువ. నల్లటి లావా రాతి బిడ్డలో క్రోమియం దండిగా ఉంటుంది, దాని వెంట నికెల్ కూడా వస్తుంది. మీ ఇళ్ళల్లో పసిబిడ్డను చూసి ముక్కు మేనత్తది, నుదురు తాతది అంటారే, ఇదీ అంతే. వంద కోట్ల ఏళ్ళలో ఎవరూ నన్ను ఆ కన్నుతో చూడలేదు. నేనూ తొందరపడలేదు.

నల్లమల అంచున రోడ్డు వెడల్పు చేయడానికి కొండను కోశారు. అక్కడ మొదటిసారి ఎండ చూశాను. కళ్ళు చెదిరాయని చెప్పేవాణ్ణే, కళ్ళుంటే. నాలుగు రోజులకు ఒక అమ్మాయి వచ్చింది. పేరు దస్తగిరమ్మ, పరిశోధక విద్యార్థిని. నెత్తిన తాటాకు టోపీ, చేతిలో సుత్తి. వెనకాల సంచీ మోస్తూ విభాగం అటెండరు ఓబులేసు. ఆమె కొండను కింది నుంచి పైకి పొర పొరా తడుముకుంటూ వచ్చి, పై పొరల్లో ఉన్న నన్ను ఒక్క దెబ్బతో ఊడగొట్టింది. తిప్పి చూసింది. ఆ తర్వాత నన్ను నోట్లో పెట్టుకుని కొరికింది!

అది వాళ్ళ పద్ధతేనని తర్వాత తెలిసింది. పంటికింద గరగరలాడితే ఒక రకం మట్టి, మెత్తగా జారితే ఇంకో రకం. మిగతావాళ్ళు కొరికి ఉమ్మేస్తారు. ఈమె ఉమ్మలేదు, చప్పరించింది.

"ఇంగా మానలేదా పాపా? రేపు పెండ్లయితే మొగునికి గూడా రాళ్ళే వండిపెడ్తావా?" అన్నాడు ఓబులేసు.

"తిననీ మామా. మా ఇంటి తిండే ఇది. మా నాయన పలకలు కోస్తాంటే కింద పడిన బలపాలన్నీ నేనే తిన్న్యా. మాయమ్మ కొట్టినా మానల్యా."

"మీ నాయన దుమ్ము తిన్న్యాడు, నువ్వు రాయి తిన్న్యావు. బాగుండాది మీ వంశం."

ఆమె నవ్వింది కానీ ఆ నవ్వు తొందరగా ఆగిపోయింది. ఆమె తండ్రి ముప్పై ఏళ్ళు మార్కాపురం వైపు పలకలు కోసినవాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, నాలుగు మెట్లెక్కితే ఆగి దగ్గేవాడు. ఈ రాళ్ళు ఎక్కడినుంచి వచ్చాయో కనిపెట్టి, డాక్టరేటు తీసుకుని, ఆ పుస్తకం ఆయన చేతిలో పెట్టాలని ఆమె కోరిక. నా మీద తెల్లరంగుతో డి-37 అని రాసింది. అది నాకు మొదటి పేరు. నచ్చింది కూడా.

ప్రయోగశాలలో నన్ను రంపంతో రెండుగా కోశారు. ఒక సగం పొడి చేయడానికి, పేరు రాసిన రెండో సగం సాక్ష్యంగా దాచడానికి. మాట్లాడుతున్న నేను ఆ దాచిన సగాన్ని. నాలాంటి వాళ్ళం నలభై మందిమి చెక్క ట్రేలలో ఉన్నాం.

పొడి చేయడమంటే మీ వంటింటి వ్యవహారం కాదు. అగేటు అనే గాజులాంటి రాతితో చేసిన చిన్న కల్వంలో, అదే రాతి బండతో చేత్తో నూరాలి. వేళ్ళ మధ్య రుద్దితే ముఖానికి రాసుకునే పౌడరులా తగలాలి. ఒక్కో రాయికి రెండు గంటలు. పక్క గదిలో ఒక ఉక్కు మిల్లు కూడా ఉంది. మీట నొక్కితే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. కానీ తుప్పు పట్టకుండా ఆ ఉక్కులో క్రోమియం కలుపుతారు. రాయి ఉక్కును గీరుతుంది, ఆ క్రోమియం వచ్చి పొడిలో కలుస్తుంది. అందుకే దాన్ని పిల్లల అభ్యాసానికి తప్ప వాడరు. ఈ సంగతి దస్తగిరమ్మకు తెలుసు. ప్రొఫెసరుకు తెలుసు. ఇరవై ఆరేళ్ళుగా ఆ కల్వాన్నీ, మిల్లు గిన్నెనూ కడుగుతున్న ఓబులేసుకు ఎవరూ చెప్పలేదు. కడిగేవాడికి చెప్పాలని ఎవరికి తోస్తుంది?

ముప్పై మూడు రాళ్ళు ఆమె తన చేతులతో నూరింది. ముప్పై నాలుగోది మొదలుపెట్టే రోజున ఊరినుంచి ఫోను వచ్చింది. తండ్రిని ఆసుపత్రిలో చేర్చారు. "మామా, ఈ ఏడూ అట్లే పెట్టు. నేనొచ్చి చూసుకుంటా" అని కల్వం బోర్లించి బస్సుకు పరుగెత్తింది.

ఓబులేసు రెండు రోజులు ఆ కల్వం వైపు చూశాడు. పొడులు పంపాల్సిన గడువు దగ్గరపడుతోంది. దూరపు ఊళ్ళో మూలకాలు కొలిచే పెద్ద యంత్రం దగ్గర వాళ్ళ వంతు తప్పితే మళ్ళీ ఆరు నెలలు. తండ్రి మంచం దగ్గర కూర్చున్న పిల్లకు ఈ దిగులు కూడా ఎందుకనుకున్నాడు. కల్వం పట్టాడు కానీ ఆయన మణికట్టు వాచి ఉంది, పావుగంటకే చెయ్యి పడిపోయింది. లేచి, నా మొదటి సగాన్నీ, మిగతా ఆరుగురినీ తీసుకుని ఉక్కు మిల్లు గదిలోకి వెళ్ళాడు.

నేను ట్రేలో ఉండి అరిచాను. నెత్తీ నోరూ కొట్టుకున్నాను. అవి రెండూ నాకు లేవన్నది నా ఖర్మ. గోడ అవతల గిర్రుమని రెండు నిమిషాలు మోత, ఆగడం, మళ్ళీ మోత. ఏడుసార్లు. నా సగం అందులోంచి ఏ రంగులో బయటికొచ్చిందో కూడా నేను చూడలేదు. ఆయన ఏడు పొట్లాలూ ముచ్చటగా కట్టి, గుండ్రని అక్షరాలతో అంకెలు వేసి, గడువులోగా పంపించాడు.

దస్తగిరమ్మ తండ్రిని మట్టిలో పెట్టి పదిహేను రోజులకు తిరిగొచ్చింది. పొట్లాలు వెళ్ళిపోయాయని తెలిసి ఓబులేసు చేతులు పట్టుకుంది.

"ఏడు రాళ్ళు నూరినావా మామా? ఆ చెయ్యి పెట్టుకోనా? ఎంత కష్టపడినావో!"

"కష్టమేముండాది పాపా, ఊరుకో" అన్నాడు ఆయన సిగ్గుపడుతూ.

ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే కష్టపడలేదు. ఆమె దాన్ని ఆయన మంచితనమనుకుంది. ఇద్దరూ మంచివాళ్ళే, మధ్యలో నా వంశం తారుమారైంది.

అయిదు నెలలకు ఫలితాలు వచ్చాయి. ముప్పై మూడు రాళ్ళలో క్రోమియం కింద ఎక్కడో ఉంటే, చివరి ఏడింటిలో ఆకాశానికి లేచి కూర్చుంది. ఆ కాగితం చూసి ప్రొఫెసర్ శేషాచలపతి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన గురించి ఒక మాట చెప్పాలి. నల్లమలకు పడమట ఒకప్పుడు నల్లటి లావా నేల ఒకటి ఉండేదనీ, అది అరిగి ఈ సముద్రంలో పడిందనీ ఆయన ఇరవై ఏళ్ళుగా చెబుతున్నారు. సభల్లో విన్నవాళ్ళంతా మర్యాదగా నవ్వేవారట. ఇప్పుడు కొండలోని పై పొరలు ఏడూ ఆయన తరఫున సాక్ష్యం చెబుతున్నాయి! ఆ రోజు విభాగమంతటికీ మైసూర్‌పాకు పంచారు. "నువ్వు అదృష్టవంతురాలివమ్మా. నాకు ఇరవై ఏళ్ళు దొరకనిది నీకు నాలుగేళ్ళలో దొరికింది" అంటూ తన వంతు ముక్క కూడా ఆమె చేతిలోనే పెట్టారు. ఆయన దుర్మార్గుడైతే నాకు తేలికగా ఉండేది.

నెల తిరగకుండా ఇద్దరి పేర్లతో వ్యాసం పత్రికకు వెళ్ళింది. ఏడింటిలో చూడ్డానికి కాస్త బాగున్నానని నన్ను ట్రేలోంచి తీసి అద్దాల బీరువాలో పెట్టారు. ప్రొఫెసరుగారే స్వయంగా ఇండియన్ ఇంకుతో అట్టముక్క రాశారు: తల్లి శిల, నల్లని లావా శిల.

దస్తగిరమ్మకు మాత్రం ఆ అంకెలు పంటికింద గరగరలాడుతూనే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం కాగితాలు పట్టుకుని నా బీరువా ముందుకొచ్చి కూర్చుంది. క్రోమియం అంత ఉంటే నికెల్ వెంట రావాలి కదా, రాలేదేం? థోరియం చూస్తే గ్రానైటు, క్రోమియం చూస్తే లావా. "ఒక బిడ్డకు ఇద్దరు తల్లులుంటారా?" అని నన్నే అడిగింది. లేరమ్మా, ఒక్కతే, అది మిల్లు పని, వెళ్ళి ఓబులేసును అడుగు అని నేను చెప్పాను. వినలేదు. ఎలా వింటుంది? చివరకు ఆమెకే తోచింది.

"మామా, ఆ ఏడు రాళ్ళు దేంట్లో నూరినావు?"

తుడుస్తున్న బల్ల తుడుస్తూనే చెప్పాడు. "చెయ్యి రాల్యా పాపా. స్టీలు మిల్లులో ఏసినా. బాగా కడిగే ఏసినాలే. ఏమాయె?"

ఆమె ముఖం చూసి ఆయన చేతిలోని గుడ్డ ఆగిపోయింది. 'రాయిలా నిలబడ్డావేం' అని మీరు అంటుంటారు. ఆ పూట వాళ్ళిద్దరి కంటే నేనే నయం.

ప్రొఫెసరుగారు అంతా విన్నారు. "నువ్వు చెప్పేది నిజం కావచ్చు. దాచిన సగాలున్నాయిగా? ఏడూ మళ్ళీ నూరించి చూపించు. తప్పని తేలితే పత్రికకు నేనే ఉత్తరం రాస్తాను" అన్నారు. పెద్దమనిషి మాట. నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఇద్దరూ సామాన్ల గదికి వెళ్ళారు. అక్కడ ట్రేలు లేవు. అంతకు ముందు నెల ఢిల్లీనుంచి తనిఖీ సంఘం వచ్చింది. వాళ్ళు చూసేది శుభ్రత అని ఎవరో చెప్పారట. గదులన్నీ ఊడ్చి, సున్నం కొట్టి, 'పాత రాళ్ళు' అని ఆఫీసువారు ఉత్తర్వు రాస్తే కూలీలు ట్రేలన్నీ గంపలకెత్తి, కొత్తగా కడుతున్న జెండా గద్దె పునాదిలో పోశారు. రాళ్ళను పారబోసి భూగర్భశాస్త్ర విభాగాన్ని శుభ్రం చేశారన్నమాట. సంఘం వారు మెచ్చుకున్నారు కూడా. నా ఆరుగురు తోబుట్టువులు సిమెంటు కింద ఉన్నారు. అద్దాల బీరువాలో ఉన్న పాపానికి నేనొక్కణ్ణి మిగిలాను.

"ఒకటే ఉందా?" అన్నారు ప్రొఫెసరుగారు. ఆయన భుజాలు కొంచెం కిందికి దిగాయి. అది బాధో, ఊరటో ఆయనకే తెలియదనుకుంటాను.

"ఒక్క మూల చాలు సార్, కోసి చూద్దాం."

"ప్రదర్శనకు పెట్టినదాన్ని ఎవరైనా కోస్తారా అమ్మా?" అని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. వద్దని అనలేదు, సరేనని అనలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఓబులేసు బీరువా తాళంచెవి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"తీసుకో పాపా. కొయ్యి. చెడగొట్టింది ఓబులేసని రాయి. ఉద్యోగం పోతే పోనీ, ఇంక నాలుగు నెల్లే గదా."

"నీ పేరు యాడా రాయను మామా. మిల్లు పేరు రాస్తా. నూరింది అది గదా."

ఆయన తలుపు వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదలడం నాకు కనబడింది.

నా కింది మూల బొటనవేలంత కోశారు. ఆ కొసను ఆమె అగేటు కల్వంలో రెండు గంటలు నూరింది. వద్దంటున్నా మధ్యలో ఆయన కూడా వాచిన చేత్తో కాసేపు పట్టాడు. నొప్పి సంగతి అడగకండి. వంద కోట్ల ఏళ్ళుగా బిగుసుకున్న నోరు ఆ పూట పెగిలినట్టనిపించింది నాకు.

మూడు నెలలకు జవాబు వచ్చింది. క్రోమియం ఎంత ఉండాలో అంతే, గ్రానైటు బిడ్డకు ఉండాల్సినంతే. చూశారా, నేను నిజమే చెప్పాను! దస్తగిరమ్మ ఆ కాగితం తీసుకెళ్ళి ప్రొఫెసరుగారి బల్ల మీద పెట్టింది. ఆ గది తలుపు నా బీరువాకు ఎదురుగానే, అంతా కనబడుతుంది. ఆయన చదివారు. వెనక్కి తిప్పి ఖాళీ వైపు కూడా చూశారు. అప్పటికి వ్యాసం అచ్చయింది, ఇంకో దేశంనుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది.

"ఒక్క రాయి కదమ్మా" అన్నారు చివరికి.

"మీరే గదా సార్ నూరమన్నారు."

"ఏడూ నూరమన్నాను."

ఏడింటిలో ఆరు ఎక్కడున్నాయో ఆయన కిటికీలోంచి కనబడుతూనే ఉంది. గద్దె మీద జెండా కూడా ఎగురుతోంది. ఆయన ఆ కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆయన ఆమెను చూసిన చూపులో కోపం లేదు. బతిమాలుకోవడం ఉంది. ఇరవై ఏళ్ళు ఎదురుచూసిన మనిషి ఆ చూపుతో చూస్తే ఏ పిల్ల మాత్రం ఏమనగలదు? ఆమె పరిశోధన గ్రంథంలో ముప్పై మూడు రాళ్ళే ఉన్నాయి. మిగతా ఏడింటి గురించి 'ఇక్కడ తీసుకోలేదు' అని ఒక్క వాక్యం. ఎందుకు తీసుకోలేదో రాస్తే ఆయన సంతకం పెట్టనన్నారు. తండ్రి చేతిలో పెట్టాలనుకున్న పుస్తకాన్ని ఆమె ఎవరి చేతిలో పెట్టిందో నాకు తెలియదు.

ఆమె మీద నాకు కోపం రాలేదని చెబితే అబద్ధమవుతుంది. వచ్చింది. ఒకటి రెండేళ్ళు ఉండి పోయింది. నా లెక్కలో అది రెప్పపాటు కూడా కాదు.

ఓబులేసు పదవీ విరమణ రోజున మెడలో దండతోనే నా గదికి వచ్చాడు. బీరువా తెరిచి, నన్ను తుడిచి, అట్టముక్కను తుడిచాడు. దాన్ని చాలాసేపు గట్టిగా రుద్దాడు. ఇండియన్ ఇంకు పోలేదు. మళ్ళీ యథాస్థానంలో నిలబెట్టి, తాళం వేసి వెళ్ళిపోయాడు. తర్వాత ప్రొఫెసరుగారూ వెళ్ళిపోయారు. వ్యాసం మాత్రం ఉంది. దాన్ని చూసి ఇంకొకరు, వాళ్ళను చూసి మరొకరు రాసుకుంటున్నారట. ఇక్కడ కూర్చుని పిల్లలు చదువుకుంటుంటే వింటూ ఉంటాను. ఎన్నడూ లేని లావా నేలకు ఇప్పుడు ఎల్లలు కూడా గీశారు.

పోయిన నెల ఒక డిగ్రీ కాలేజీ పిల్లలు బస్సులో వచ్చారు. ఇరవై ఐదు మంది ఉంటారు. వాళ్ళ వెనక దస్తగిరమ్మ. జుట్టు అక్కడక్కడ నెరిసింది, కళ్ళజోడు వచ్చింది. అన్ని బీరువాలూ చూపించి, నా దగ్గరికి చివర్లో వచ్చింది. పిల్లలు నా అట్టముక్క పైకి చదవడం మొదలుపెట్టారు. ఒక పిల్ల మాత్రం చదవడం మాని నన్ను చూసింది.

"మేడం, ఈ మూల ఎవురో కోసినారు."

"నేనే కోసినా."

"యాలకు మేడం?"

ఆమె అద్దం మీద వేలు పెట్టింది, సరిగ్గా నా గాటు ఉన్నచోట. "ఒక మాట అడగాలని. అడిగినా. చెప్పింది. రాసుకునేవాళ్ళు లేకపాయిరి."

పిల్లలకు అర్థం కాలేదు. ఆమె వాళ్ళ వైపు తిరిగి, "అట్టలో ఉండేది రాసుకోవద్దండి. ఆ గాటు బొమ్మ గీసుకోండి. అది యాలకో రేపు క్లాసులో చెప్తా" అంది.

నా జన్మలో ఎవరూ అలా అనలేదు. ఇరవై ఐదు మంది నోటుపుస్తకాలు తెరిచి, తలలు వంచి, నా గాటును శ్రద్ధగా గీశారు. కొందరు బాగా గీశారు. ఒకడు నన్ను బన్ను రొట్టెలా గీశాడు, పర్వాలేదు. బొమ్మలు అయ్యాయి. బొమ్మ గీస్తే కింద పేరు రాయాలని వాళ్ళకు చిన్నప్పటినుంచీ నేర్పారు కదా. ఒక్కొక్కరే తలెత్తి, అట్టముక్క వైపు చూసి, బొమ్మ కింద రాసుకున్నారు: డి-37, షేల్, తల్లి శిల, నల్లని లావా శిల.

దస్తగిరమ్మ అది చూసింది. నోరు తెరిచింది. బయట బస్సు హారను మోగింది, పిల్లలు పుస్తకాలు మూసి పరుగెత్తారు. ఆమె ఒక్కతే నా ముందు నిలబడి, తెరిచిన నోరు మెల్లగా మూసుకుంది. నేను ఎన్నిసార్లు అలా మూసుకున్నానో నాకే తెలుసు.